నేను జర్మనీగా ఉన్న పదిహేడేళ్ళు

పదిహేడేళ్ళపాటు నేను జర్మనీ దేశాన్ని. కాపురం మాత్రం తెనాలి ఐతానగర్‌లోనే. రేకుల వసారా, పెరట్లో మునగచెట్టు, పక్కింటివాళ్ళతో గోడ తగువు, అన్నీ ఇక్కడే. ఏటా ఫిబ్రవరిలో పది రోజులు విజయవాడ వెళ్ళి జర్మనీగా కూర్చుని, పదకొండో రోజు మళ్ళీ భద్రమ్మనైపోయి బస్సెక్కి వచ్చేదాన్ని.

ఆ దేశం ఎటువైపు ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. దాని గురించి నాకు తెలిసిందల్లా, హార్మోనియం రీడ్లు అక్కడివాళ్ళు చేసినట్టు ఇంకెవరూ చెయ్యలేరని. తిత్తి కదిలిస్తే గాలి వెళ్ళి ఇత్తడి నాలుకని ఆడిస్తుంది, ఆ నాలుకనే రీడు అంటారు. పెట్టె ఎంత నగిషీగా ఉన్నా గొంతు రీడుదే. నా అంత గట్టిగా ఈ మాట చెప్పేవాళ్ళు మా జిల్లాలో లేరు. నా అంత తప్పుగా చెప్పినవాళ్ళు కూడా లేరని తరవాత తేలింది.

కిందటి ఏడు ఇరవై ఒకటో మేళాకి ‘అంతర్జాతీయ సంగీత వాణిజ్య మేళా చరిత్ర’ అని ఒక పుస్తకం అచ్చువేశారు. నున్నటి కాగితం, చేతికి బరువైన అట్ట. అందులో మూడుచోట్ల నా ఫొటో ఉంది. కింద నా పేరు లేదు, దేశం పేరు ఉందట. చరిత్ర మాత్రం అందులో ఎక్కడా కనపడలేదని చదివినవాళ్ళు చెప్పారు. మొదటినుంచీ అక్కడ కూర్చున్నదాన్ని కాబట్టి ఆ లోటు నేను తీరుస్తాను.

మొదటి ఏడు అది వాద్యాల సంత, అంతే. డోళ్ళు, సన్నాయిలు, బ్యాండు మేళం సామాను, క్యాసెట్లు. నడిపించింది సంగీత పరిశ్రమ ప్రోత్సాహక మండలి. దానికి కార్యదర్శి పరాంకుశరావు గారు. తనకి సంగీతం బొత్తిగా రాదని ఆయనే మైకులో చెప్పేవారు. వస్తే పక్షపాతం వస్తుందట.

ఆ మైదానానికి ఒక నియమం ఉండేది. జిల్లా స్థాయి సభకి మూడు రోజులు ఇస్తారు. రాష్ట్ర స్థాయికి అయిదు. అంతర్జాతీయ స్థాయికి పది. షామియానా వెయ్యడానికి రెండు రోజులు, విప్పడానికి రెండు రోజులు పడుతుందని షామియానా వాళ్ళు చెప్పారు. మూడు రోజులిస్తే వెయ్యడానికీ విప్పడానికే చాలవు. పరాంకుశరావు గారు కాస్త ఆలోచించి కాగితం మీద ‘అంతర్జాతీయ’ అని రాశారు. మా మేళా అలా షామియానా గుంజల వల్ల అంతర్జాతీయమైంది.

రాసినందుకు ఒక విదేశీయుడన్నా ఉండాలి కదా. అమరావతి స్తూపం చూడబోతూ బస్సు తప్పిపోయిన ఒక పొడుగాటి మనిషి మంచినీళ్ళకని లోపలికొచ్చాడు. పట్టుకుని వేదిక మీద కూర్చోబెట్టి దండ వేశారు. ఫిన్లాండ్ అన్నాడు. ఉపన్యాసాలు అయ్యేదాకా నిద్రపోయి, లేచి, ఆ దండతోనే వెళ్ళిపోయాడు. రెండో ఏడు ఒక జంట దొరికారు. మూడో ఏడు ఎవరూ దారి తప్పలేదు. పైగా అంతర్జాతీయమంటే కనీసం పన్నెండు దేశాలుండాలని మైదానం వాళ్ళు కొత్తగా పెట్టారు.

పరాంకుశరావు గారు ఒక టీ తాగి, మైకు దగ్గరికి వచ్చి చెప్పారు.

“ప్రదర్శకుడు ఏ దేశస్థుడన్నది అప్రస్తుతం. వాద్యం ఏ దేశానిదో దుకాణం ఆ దేశానిది. వాద్యంలో అన్నిటికంటె పురాతనమైన భాగం ఎక్కడ తయారైనదో, వాద్యం ఆ దేశానిది. దీనిని తక్షణమే అమలుపరచవలసిందిగా ఆదేశిస్తున్నాను.”

అమలుపరచడానికి ఒక కాగితం, పెన్సిలు పట్టుకుని దుకాణం దుకాణం తిరిగారు. బ్యాండు మాస్టరు మస్తాన్ క్లారినెట్టు మీద లండన్ అని అక్షరాలున్నాయి. మస్తాన్ ఇంగ్లండ్ అయ్యాడు. క్యాసెట్లమ్మే ఆయన టేపు రికార్డరు జపాన్‌ది. గిటార్లాయన ఏ ఊరివో తెలియదంటే, తెలియనివన్నీ బ్రెజిల్‌వని రాసుకున్నారు. ఆఖరికి మా దగ్గరికి వచ్చారు.

మా ఆయన కనకాచారి హార్మోనియాలు బాగుచేసేవాడు. ఎవరు ఏ పెట్టె తెచ్చినా, మా పెట్టె షడ్జం మోగించి దానికి శృతి చేసేవాడు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో నాటకాలాడే పెట్టెలన్నీ మా పెట్టె గొంతుతోనే పాడాయంటే అతిశయం కాదు. చెక్క మా మామగారు టేకుతో చేసింది. రీడ్లు ఎక్కడివని పరాంకుశరావు గారు అడిగితే, ఆయన నోరు తెరిచేలోగా నేనే జర్మనీవండీ అన్నాను. మా ఆయన నా వంక ఒకసారి చూసి తల వంచుకున్నాడు. సిగ్గుపడ్డాడనుకున్నాను.

సాయంత్రానికి పన్నెండు దేశాలు తేలాయి. నాలుగో ఏడు కూడా ఆయనే జర్మనీ. అయిదో ఏటికి ఆయన లేడు. పెట్టె ఉంది, పని నాకు వచ్చు, జర్మనీ నాకు వచ్చింది.

నిజం చెప్పాలంటే నాకు బాగానే ఉండేది. మెళ్ళో దేశం పేరున్న బిళ్ళ, కూర్చోవడానికి మెత్తటి సోఫా, నెత్తిన ఫ్యాను. విదేశీ ప్రతినిధి కాబట్టి దుబాసీ కూడా ఉండాలని నరహరి మాస్టారిని పెట్టారు. ఆయన ఇంగ్లీషు చెప్పి రిటైరైన పెద్దమనిషి. పరాంకుశరావు గారు వచ్చి ప్రయాణం సుఖంగా జరిగిందా అని తెలుగులో అడిగేవారు. మాస్టారు నా వైపు తిరిగి ప్రయాణం సుఖంగా జరిగిందా అనేవారు. దుగ్గిరాల దగ్గర బస్సు ఆగిపోయిందని నేను చెప్పేదాన్ని. దుగ్గిరాల దగ్గర బస్సు ఆగిపోయిందట అని మాస్టారు ఆయనకి చెప్పేవారు. పరాంకుశరావు గారు మాస్టారికి ధన్యవాదాలు చెప్పి ఇంగ్లండ్ దగ్గరికి వెళ్ళేవారు.

ఒక్క తిండి దగ్గరే ఇబ్బంది. విదేశీయులకి కారం పెట్టకూడదు. పదిహేడేళ్ళు ఉడకబెట్టిన క్యారెట్టూ చప్పిడి బ్రెడ్డూ తిన్నాను. మానేసి బయట ఇడ్లీ తినొచ్చు, కానీ బయటికి వెళితే బిళ్ళ తీసి ఇచ్చి వెళ్ళాలి. బిళ్ళ తియ్యడం నాకు ఇష్టముండేది కాదు. ఏందక్కా, అంత కష్టపడి జర్మనీగా ఉండకపోతే ఏం, అని మస్తాన్ ఎగతాళి చేసేవాడు. వాడు మాత్రం చాకూ ఫోర్కూ పట్టుకుని పళ్ళెంలో బ్రెడ్డు ముక్కని తరిమేవాడు.

ఒక ఏడు ప్రారంభోత్సవంలో దేశదేశాల వార్తలు చెప్పమన్నారు. నాకేం తెలుసు. మా దగ్గర మొన్న అకాలపు వాన పడి మినుములు దెబ్బతిన్నాయని చెప్పాను. జర్మనీలో మినప పంటకి నష్టమని మర్నాడు పేపర్లో వచ్చిందని మాస్టారు చదివి వినిపించారు. ఆ పేపరు ముక్క నా ట్రంకుపెట్టెలో ఇంకా ఉంది. ఇంకో ఏడు మస్తాన్ క్లారినెట్టు పిల్లలకి నేర్పుతూ ఆపకుండా ఊదితే శృతి చెయ్యలేక గొడవపడ్డాను. మా దుకాణాల మధ్య పరదాని నేను ఇవతలికి లాగాను, వాడు అవతలికి లాగాడు. దాన్ని ఇంగ్లండ్, జర్మనీల సరిహద్దు వివాదమని పుస్తకంలో ఎక్కించారు. శాంతి సభ పెట్టి ఇద్దరి చేతా కరచాలనం చేయించారు. రెండో ఫొటో అదే.

మేళాలో సరుకు కూడా మారుతూ వచ్చింది. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి సెల్‌ఫోన్లో మోగే పాటలు వచ్చాయి. మొన్నమొన్న ఒక దుకాణంలో బల్ల మీద ఏమీ లేదు. ఒక అట్ట మీద నల్లగళ్ళ ముగ్గు లాంటిది అతికించి, దాన్ని ఫోనుతో చూస్తే పాట వస్తుందన్నారు. వాళ్ళ వాద్యం ఏదని పరాంకుశరావు గారు అడిగారు. లేదన్నారు. లేని వాద్యంలో పురాతనమైన భాగం ఏదని ఆయన సగం రోజు వాళ్ళతో కూర్చున్నారు. ఎన్ని మారినా పాత హార్మోనియాలు మాత్రం నా సోఫా దగ్గరికి వచ్చేవి. మా పెట్టె షడ్జం విని సరిచేసుకుని వెళ్ళేవి.

ఆ పెట్టె గురించి రెండు సంగతులు చెప్పాలి. రీడ్లుండే పలక అంచుల చుట్టూ మా ఆయన కాగితం అతికించి మూసేశాడు. జర్మనీ రీడుకు మన గాలి తగిలితే గొంతు పోద్ది, ఎప్పుడూ తియ్యబాక అని నాకు చెప్పాడు. నేను తియ్యలేదు. రోజుకి నాలుగు గంటలు తిత్తి కొట్టి తెనాలి గాలంతా అందులోకే పంపిస్తూ, మన గాలి తగలకుండా పదిహేడేళ్ళు జాగ్రత్తగా కాపాడాను.

రెండోది, ముప్ఫై తొమ్మిది మెట్లలో చివరి మెట్టు పలకదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పలికేది, తరవాత ఎప్పుడో మూగబోయింది. అది మాత్రం మా ఆయన చేసి వేసిన రీడని నా గట్టి నమ్మకం. ఆయన ఆకురాయి పట్టుకుని ఇత్తడి రుద్దుతుంటే పక్కన కూర్చుని ఎన్నిసార్లన్నానో.

“ఎన్నేళ్ళు రుద్దినా ఆ జర్మనీవాడి చెయ్యి నీకు రాదయ్యా. ఆ చివరి మెట్టే సాక్ష్యం.”

“రాదులే,” అని నవ్వేవాడు.

ఇరవై ఒకటో ఏడు మొదటిరోజున ఒక తెల్ల జుట్టు ఆవిడ చిన్న హార్మోనియం పెట్టె భుజాన వేసుకుని గేటు దగ్గరికి వచ్చింది. దారి తప్పి కాదు, కావాలనే. పేరు ఇర్మ్‌గార్డ్. నాకు నోరు తిరగక ఇరమమ్మా అన్నాను, పలికింది. అసలు జర్మనీ నుంచి వచ్చింది. వాళ్ళ ఊళ్ళో చర్చిల్లో పాత హార్మోనియాలు బాగుచేస్తుందట. మాస్టారు ఇంగ్లీషులో అడిగితే ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ళ దేశం పంతొమ్మిదేళ్ళుగా ఈ మేళాకి వస్తోందని ఎక్కడో చదివిందట. వాళ్ళ దేశంలో ఎవరికీ ఆ సంగతి తెలియదట. ఎవరు వస్తున్నారో చూసిపోదామని వచ్చిందట.

నేను సోఫాలో సర్దుకు కూర్చున్నాను. ఇంకెటు పోను.

పరాంకుశరావు గారు తొణకలేదు. ఆవిడ పెట్టె పరీక్షించారు. వాళ్ళ పినతండ్రి నలభై ఏళ్ళనాడు మన దేశంలో కొనుక్కెళ్ళిన పెట్టె అది. చెక్క ఇక్కడిది, రీడ్లు ఇక్కడివి. నియమం ప్రకారం ఆవిడ ఇండియా. పంతొమ్మిదేళ్ళుగా మన దేశం తరఫున మేళాలో ఎవరూ లేరన్న సంగతి అప్పుడే బయటపడింది. ఆ లోటు తీరినందుకు అందరూ చప్పట్లు కొట్టారు. స్వదేశీ ప్రతినిధి కాబట్టి ఇరమమ్మకి సోఫా లేదు, ఫ్యాను లేదు. నా వెనకాల, నీళ్ళ డ్రమ్ముల పక్కన ఒక చాప వేశారు. మధ్యాహ్నం గోంగూర పచ్చడి, మిరపకాయ బజ్జీ పెట్టారు.

ఆవిడ కళ్ళంట నీళ్ళు కారుతుంటే ఊదుకుంటూ తింటోంది. ఆ గోంగూర వాసన పరదా దాటి నాకు వస్తోంది. మూడో రోజుకి ఇక ఆగలేకపోయాను. పరదా కింది నుంచి నా క్యారెట్లు అవతలికి తోశాను. ఆవిడ నా మొహం చూసి, నవ్వి, గోంగూర గిన్నె ఇవతలికి తోసింది. అంత రుచి నేను జర్మనీ అయినప్పటినుంచీ ఎరగను.

మొత్తం ఆపద ఆ గిన్నె వల్లే వచ్చింది. అయిదో రోజు ప్రసన్నలక్ష్మి గారు చూసేశారు.

ఆ అమ్మాయి మండలిలో కొత్తగా చేరిన అధికారిణి, విదేశీ ప్రదర్శిత వస్తు విభాగం. చిన్న వయసు, ఇస్త్రీ చీర, చేతిలో నియమాల పుస్తకం. మండలిలో ఆ పుస్తకం చదివిన మనిషి అప్పటిదాకా లేడు. రెండు దేశాల మధ్య అనుమతి లేని సరుకు రవాణా అని రాసుకుని, జర్మనీ ఫైలు తెప్పించింది. గంటసేపు చదివి నా దగ్గరికి వచ్చింది.

“సదరు హార్మోనియం పంతొమ్మిది పర్యాయములు దేశంలోకి వచ్చినట్లు నమోదైనది. ఒక్క పర్యాయము కూడా దేశం నుండి వెళ్ళినట్లు లేదు.”

“వెళ్ళిందమ్మా. ప్రతి ఏడూ నాతోపాటే తెనాలి వెళ్ళిద్ది.”

“తెనాలి స్వదేశం. విదేశీ వస్తువు ప్రదర్శన ముగిసిన పదిహేను దినములలోపు స్వస్థలమునకు చేరవలెను. ఈసారి మేమే పంపిస్తాము. మీకు శ్రమ ఉండదు.”

పెట్టెని దగ్గరికి లాక్కున్నాను. అది మా ఆయన పెట్టె తల్లీ అన్నాను. కావచ్చు, కానీ జర్మనీది అంది. కఠినంగా అనలేదు. పుస్తకంలో ఉన్నది చెప్పింది. బిళ్ళ కోసం, సోఫా కోసం పదిహేడేళ్ళు ప్రతి కాగితం మీదా జర్మనీ అని నా వేలిముద్రే వేశాను. ఆ కాగితాలన్నీ నా ముందు పరిచింది. ఒక్కటి కూడా పోలేదు.

ఆ మధ్యాహ్నమే ఇంగ్లండ్ అంతరించింది. మస్తాన్ ఒక రాయి తెచ్చి క్లారినెట్టు మీద లండన్ అక్షరాలు గీకేశాడు. నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

“నువ్వు కూడా చెప్పెయ్ అక్కా. రీడ్లు జర్మనీయి కాదు, మా ఆయన చేసినయ్యేనని చెప్పెయ్.”

“అంత గొంతుని మా ఆయన చేశాడంటే నమ్మేవాళ్ళెవర్రా?”

“నమ్మకపోతే పోయింది. పెట్టె మిగులుద్ది గదా.”

చివరిరోజు పొద్దున్నే కార్యదర్శి గారి డేరాలో విచారణ పెట్టారు. మస్తాన్ పోవడంతో పోయిన దేశాన్ని ఇరమమ్మ ఇండియాగా వచ్చి పూడ్చింది. లెక్కకి సరిగ్గా పన్నెండు ఉన్నాయి. జర్మనీ పోతే పదకొండు. మేళా అంతర్జాతీయం కాకుండా పోతుంది, వచ్చే ఏటికి మైదానం మూడు రోజులే ఇస్తారు, షామియానా వేసి విప్పడానికే చాలవు. పరాంకుశరావు గారి మొహం చూస్తేనే ఆ సంగతి తెలుస్తోంది.

పెద్దమనుషుల ముందు అబద్ధమాడటం నాకదే మొదలు. ఆ రీడ్లు జర్మనీవి కావండీ, మా ఆయన తన చేత్తో చేసినవండీ అన్నాను. నరహరి మాస్టారు అలవాటు కొద్దీ నా మాటనే మళ్ళీ ఒకసారి వాళ్ళకి చెప్పారు. రెండోసారి వింటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

నిరూపణ కావాలన్నారు పరాంకుశరావు గారు. జర్మనీ రీడ్లు పుట్టినప్పటినుంచీ చూసిన మనిషి మేళాలో ఇరమమ్మ ఒక్కతే ఉంది. జర్మనీ విషయంలో ఇండియా సాక్ష్యం చెల్లదని ఆయన అభ్యంతరం చెప్పారు. మిత్రదేశ పరిశీలకురాలిగా అనుమతించవచ్చని ప్రసన్నలక్ష్మి గారు పుస్తకంలో చూపించింది. ఇరమమ్మ వచ్చి పెట్టె ముందు కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుంది. చిన్న చాకుతో కాగితం కోసింది. పలక పైకెత్తింది.

చాలాసేపు చూసింది. ఒక్కొక్క రీడునీ గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంది. తల ఎత్తి ఒక్క మాట చెప్పింది. ఇవి జర్మనీవి కావంటోంది అన్నారు మాస్టారు.

గోంగూర ఇచ్చిన మనిషి అబద్ధం కూడా ఇచ్చింది, ఎంత మంచి మనిషి అనుకున్నాను. కృతజ్ఞతగా ఆవిడ చెయ్యి నొక్కాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, నా వేలు పట్టుకుని పలక మీద పెట్టింది. చూడమంది.

నాకు బడి లేదు. ఏడక్షరాలు వచ్చు. స, రి, గ, మ, ప, ద, ని. రీడ్లు వరసలో అందివ్వడానికని పెళ్ళైన కొత్తలో మా ఆయన సుద్దముక్కతో రాసి నేర్పాడు. ఆయన ‘ని’ తోక వెనక్కి తిరిగి ఉండేది, పడుకోబోయే పిల్లిలా. ప్రతి రీడు మొదట్లోనూ సూదితో గీసిన ఆ అక్షరాలే ఉన్నాయి. ఆ తోకే ఉంది. ముప్ఫై ఎనిమిది రీడ్ల మీద ఉంది. ముప్ఫై తొమ్మిదో దాని మీద మాత్రం ఏవో పరాయి అక్షరాలు అచ్చుగుద్ది ఉన్నాయి. అది చివరి మెట్టుది, పలకనిది.

జర్మనీవి ఒకటొకటే విరిగిపోతుంటే ఒకటొకటే ఆయన చేసి వేసుకుంటూ వచ్చాడన్నమాట. నాకు చెప్పలేదు. చెబితే నేను జనానికి చెబుతానని, స్వదేశీ పెట్టె అంటే ఎవరూ శృతికి రారని. అది మస్తాన్ మాట. నా మాట వేరే ఉంది. చెప్పడానికి నేను సందు ఇవ్వలేదు. ఆ గొంతు వింటూ పక్కన కూర్చుని, ఆ గొంతు చేసినవాడికే, నీకు చేత కాదని నవ్వుతూ చెప్పాను. మెచ్చుకున్నదంతా ఎక్కడో ఉన్న దేశానికి పోయింది. పలకని ఒక్క రీడూ ఆయన పేరున పడింది.

అక్కడే కింద కూర్చున్నాను. విదేశీ ప్రతినిధి నేల మీద కూర్చోకూడదని ఎవరో అన్నారు.

పరాంకుశరావు గారు మాత్రం తేరుకున్నారు. ఆయన మొహంలో వెలుగు వచ్చింది.

“ముప్ఫై ఎనిమిది స్వదేశీ అయినా ఒక్కటి జర్మనీది. అన్నిటికంటె పురాతనమైనది అదే. కావున నియమానుసారం వాద్యం జర్మనీదే. దేశాలు పన్నెండు యథాతథం.”

ఆ ఒక్కటి పీకి ఇచ్చేస్తానన్నాను. నమోదైంది ఒక హార్మోనియమని, ముప్ఫై తొమ్మిదో వంతు కాదని ప్రసన్నలక్ష్మి గారు అంది. ఇరమమ్మ తనతో పట్టుకెళ్ళి దాచి ఉంచుతానంది. ఇండియా ప్రతినిధి జర్మనీ సరుకు మొయ్యకూడదట. దారులన్నీ మూసుకుపోయాయి. చెక్క పెట్టె తెచ్చారు, మేకులు తెచ్చారు, లక్క కరిగించారు. మా ఆయన పెట్టెని గడ్డిలో పెడుతుంటే చూస్తూ కూర్చున్నాను.

చీటీ రాయడానికి ప్రసన్నలక్ష్మి గారు పెన్ను తీసింది. జర్మనీ చిరునామా ఏమిటని అడిగింది. పద్దెనిమిదేళ్ళనాటి రిజిస్టరు ఇచ్చారు. మూడో మేళాలో పరాంకుశరావు గారు తన చేత్తో, పెన్సిలుతో రాసుకున్నదే. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చదివారు.

“జర్మనీ. కేరాఫ్ కనకాచారి, రేకుల ఇల్లు, ఐతానగర్, తెనాలి.”

పరాంకుశరావు గారు దగ్గి, తెనాలి స్వదేశం కదమ్మా అన్నారు.

“నమోదైన చిరునామా ఇదొక్కటే సార్,” అంది ప్రసన్నలక్ష్మి గారు. “తప్పని రాయమంటే రాస్తాను. అప్పుడు పంతొమ్మిదేళ్ళ రికార్డు తప్పవుతుంది.”

ఆయన చరిత్ర పుస్తకం వంక చూశారు. బల్ల నిండా కట్టలు కట్టలుగా ఉంది. రాయవద్దన్నారు. ఆ అమ్మాయి తల వంచుకుని చీటీ మీద చిరునామా గుండ్రంగా రాసింది. రాస్తుంటే పెదవి మీద చిన్న నవ్వు కనపడిందని మస్తాన్ అంటాడు. నాకు కన్నీళ్ళు అడ్డం వచ్చి కనపడలేదు.

విదేశాలకి వెళ్ళే సరుకుతో ప్రతినిధులు ప్రయాణం చెయ్యకూడదు. మా పెట్టె ఎర్రజెండా కట్టిన వ్యానులో, నాలుగు లక్క ముద్రలతో బయల్దేరింది. నేనూ ఇరమమ్మా బస్సెక్కాం. దుగ్గిరాలలో వ్యాను టీకి ఆగి ఉండటం కిటికీలోంచి చూశాం. మూడు గంటల ముందే ఇల్లు చేరి, వసారా ఊడ్చి, అన్నం వండి, గోంగూర నూరాను. వ్యాను వచ్చింది. సరుకు జర్మనీకి క్షేమంగా చేరినట్టు వేలిముద్ర వేశాను. పక్కింటావిడ గోడ మీంచి అంతా చూసి, ఇంకెప్పుడూ గోడ మాట ఎత్తలేదు.

ముద్రలు పగలగొట్టి పెట్టె బయటికి తీశాం. ఇరమమ్మ ఆ పలకని రీడుని ఊడదీసి, మా ఆయన ఆకురాయి అడిగింది. గంటన్నరసేపు గీసింది, వంచింది, ఊదింది. పలకలేదు. దాన్ని పక్కన పెట్టి, గోడ మీది మా ఆయన ఫొటో చూపించి, పలక మీది ముప్ఫై ఎనిమిదీ చూపించి, గురువుకి మొక్కినట్టు రెండు చేతులూ చెవుల దగ్గర పెట్టుకుంది. దుబాసీ లేడు, అక్కరపడలేదు. ఆ రీడుని గుడ్డలో చుట్టి ఆవిడ చేతిలోనే పెట్టాను. వాళ్ళ ఊరిదాన్ని వాళ్ళ ఊరు తీసుకెళ్ళమన్నాను. ఖాళీ అయిన చోట వేసింది నేను రుద్దిన రీడు. కొంచెం కీచుమంటుంది. చివరి మెట్టు ఇన్నాళ్ళకి పలుకుతోంది కదా అని ఊరుకుంటున్నాను.

ఈ ఏడు మళ్ళీ కాగితం వచ్చింది. జర్మనీ భాగం పెట్టెలో లేదు కాబట్టి జర్మనీ కాకూడదు. ఇండియా అవుదామంటే ఆ చోటు ఇరమమ్మది, మళ్ళీ వస్తానని రాసింది. దేశం పేరు రాయాల్సిన గీత మీద నరహరి మాస్టారి చేత ‘కనకాచారి’ అని రాయించాను. పరాంకుశరావు గారు జాబితా అంతా వెతికారట. అలాంటి దేశం లేదు. కానీ లెక్కకి పదకొండే ఉన్నాయి. సంతకం పెట్టేశారు. మైదానం అధికారి వచ్చి ఆ దేశం ఎటువైపని అడిగితే, జర్మనీ పక్కనేనండీ అని నేను చెప్పాను. మాస్టారు మళ్ళీ చెప్పారు.

జెండా కావాలన్నారు. మా ఆయన పని చేసేటప్పుడు భుజాన వేసుకునే ఎర్రగళ్ళ తువ్వాలు ఇచ్చాను. ఎన్నిసార్లు ఉతికినా ఇత్తడి పొడి మరకలు పోలేదు. పొద్దున పన్నెండు జెండాలూ ఎగరేశారు. ఎండలో ఆ మరకలు అక్కడక్కడా మెరిశాయి. పరాంకుశరావు గారు వరసగా నిలబడి అన్నిటికీ వందనం చేశారు. ఆయన ఏ జెండాకైనా చేస్తారు. నేను పదిహేడేళ్ళూ సోఫాలోంచి లేచేదాన్ని కాదు. ఈసారి ఒక్కదాని దగ్గర లేచి నిలబడ్డాను.